ఐదు చోట్ల ఉన్న మెట్ట చెక్కల్ని రెండు చోట్లకి తెచ్చుకుని బాగుచేసుకోవడం ఎలా

మీకు ఆరెకరాలు ఉందనుకోండి. పాసుబుక్కులో చూస్తే ఆరు, పోయి చూస్తే వాగు పక్కన ఎకరా ఇరవై, కొండ కింద రెండెకరాలు, చెరువు కింద 40 సెంట్లు, డొంక అవతల ఎకరా పది, ఇంకెక్కడో చిల్లచెట్ల మధ్య ఎకరా ముప్పై, ఆ చివరిది చూసి ఎన్నేళ్ళయిందో మీకే గుర్తుండదు. బోరు ఒకచోట, మంచి నేల ఇంకోచోట. ట్రాక్టరు దించాలంటే పక్కాయన చేలోంచి పోవాలి, ఆయన ముందే కంది విత్తేశాడా ఇంక మీ దుక్కి ఆ ఏటికి అంతే. నెల్లూరు జిల్లాలో ఉదయగిరి, వింజమూరు, కలిగిరి, దుత్తలూరు, వరికుంటపాడు, అటు కనిగిరి పామూరు దాకా మెట్టలో యాడ చూసినా ఇదే కథ. 2015-16 కమతాల లెక్కలో మన ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండెకరాల ముప్పై సెంట్లు దాటి కొంచెం, అది కూడా ఒక్క ముక్కగా ఉంటే బాగుండు.

పంజాబులో 1948లో, ఉత్తరప్రదేశ్‌లో 1953లో చట్టాలు చేసి ఊరు ఊరంతా కలిపి కొలిచి ఎవరి వాటా వాళ్ళకి ఒకచోటుకి తెచ్చి ఇచ్చారు, దాన్నే చక్‌బందీ అంటారు. మన వైపు ఆ పని జరగలా. అధికారి వచ్చి కలిపిస్తాడని కూర్చుంటే అయ్యేది కాదు, మీరూ మీ పక్కోళ్ళూ కూర్చుని చేసుకోవాల్సిందే. మా ఇంట్లో రెండు తరాలుగా చేసిన తప్పులు, తర్వాత సరిచేసుకున్న పద్ధతి రెండూ కలిపి రాస్తున్నా, కాగితం పని ముందు, జేసీబీ తర్వాత, ఈ వరస మాత్రం తిరగేయొద్దు.

అన్నీ ఒక్కటి చేయాలనుకోవద్దు

పెద్దోళ్ళు తెలివి లేక ఇన్ని ముక్కలు చేయలా. ముగ్గురన్నదమ్ములుంటే రేగడిలో ముగ్గురికీ, ఎర్ర దాంట్లో ముగ్గురికీ, చెరువు కింద ముగ్గురికీ, ఎవరికీ అన్యాయం జరక్కూడదని అట్టా కోశారు. పైగా మన దగ్గర వాన ఎట్టా పడతాదో తెలిసిందేగా, కొండ కింద దంచి కొట్టి వాగు పక్కన చినుకు రాలదు. నాలుగు చోట్ల ఉంటే ఒకచోట పోయినా ఒకచోట గింజ ఇంటికొస్తుంది. ఇది నిజమే, కాబట్టి ఐదు ముక్కల్ని ఒకటి చేయాలని పట్టుపట్టొద్దు, రెండుకి తెస్తే చాలు. చెరువు కింద 40 సెంట్లు ఉంటే దాన్ని మాత్రం వదలొద్దు, తిండిగింజలు అందులోనే. మిగతా మెట్ట ముక్కల్నే ఒకచోటికి లాక్కోండి.

ముక్కల వల్ల పోయేది ఎంతో ఒక్క లెక్క చెప్తా. 66 అడుగుల వెడల్పు, 330 అడుగుల పొడవు ఉన్న చెక్క సరిగ్గా 50 సెంట్లు. దాని పొడుగు పక్క గట్టు మూడడుగుల వెడల్పు ఉందనుకోండి, 990 చదరపు అడుగులు, అంటే రెండుంపావు సెంటు పైనే. గట్టు మీద ముళ్ళకంప నీడ పడి పంట ఎదగని జాగా ఇందులో కలపలా. ఇట్టాంటి చెక్కలు నాలుగు పక్కపక్కన ఉంటే మధ్యలో మూడు గట్లకే ఏడు సెంట్ల దాకా పోయె.

ముందు కాగితాలన్నీ ఒక చాప మీద పరచండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఒక్కో చెక్కకి ఒక్కో పేజీ. దస్తావేజులో ఎంత ఉంది, రెవెన్యూ వాళ్ళ హక్కుల రికార్డు వన్‌బీలో ఎంత ఉంది, నేల మీద మీరు దున్నేది ఎంత, మూడూ పక్కపక్కన రాయండి. మూడు అంకెలూ ఒకటే అయితే మీరు అదృష్టవంతులు. వన్‌బీ, సాగు లెక్క చూపే అడంగల్, గ్రామ నక్షా మీభూమి వెబ్‌సైటులో ఫోన్‌లోనే చూసుకోవచ్చు, కొలతల పటం ఎఫ్‌ఎంబీ ఉంటే అదీ తీయండి.

మీ ఊరు రీసర్వే అయిన ఊరా కాదా అన్నది ఇక్కడే తేల్చుకోండి. 2020 డిసెంబరులో మొదలైన ఆ రీసర్వే అయిపోయిన ఊళ్ళల్లో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురి పొలం కలిపి ఒకే నంబరు వేశారు, జాయింట్ ఎల్‌పీఎం అంటారు. మీ చెక్క అట్టా జాయింట్‌లో పడి ఉంటే ముందు దాన్ని విడగొట్టించండి, లేకపోతే మార్పిడి రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతాది. పాత నంబరుకి కొత్త నంబరు ఏదో కూడా పేజీ పైనే రాసుకోండి, రేపు మీ పిల్లకాయలకి అదే దిక్కు.

తర్వాత ఒక్కో నంబరుకి ఈసీ తీయండి, ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే కాగితం అది. 30 ఏళ్ళకి తీస్తే మంచిది, ఖర్చు అని 13 ఏళ్ళకి తీసి ఊరుకోవద్దు. సొసైటీలోనో బ్యాంకులోనో పంట లోను ఆ నంబరు మీదే ఉందేమో చూడండి, ఉంటే అప్పు కట్టి లేదా వేరే నంబరు పెట్టి నో డ్యూస్ కాగితం తెచ్చుకోవాలి. అవతలాయన పొలానికీ ఇవే చూడండి, మొహమాటపడొద్దు, మీ దానికీ ఆయన్ని చూసుకోమనండి.

మార్చకూడని నేలలు

ఇది చాలామంది వదిలేసే మెట్టు. మన మెట్టలో డీకేటీ పట్టాలు ఎక్కువ, అంటే సర్కారు పేదోళ్ళకిచ్చిన భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికీ మార్చుకోడానికీ లేదు. ఇచ్చి 20 ఏళ్ళు దాటిన వాటికి పూర్తి హక్కు, అంటే ఫ్రీహోల్డ్, ఇస్తామని 2023లో చట్టం మార్చారు, 2024లో ప్రభుత్వం మారినాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. అందుకని ఎవరో ఫ్రీహోల్డ్ అయిందన్నా అని చెప్పినంత మాత్రాన ఒప్పుకోవద్దు, రిజిస్టరు చేయకూడని భూముల జాబితా, అదే 22ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఉందో లేదో ఆ రోజు చూసుకుని అప్పుడు మాట్లాడండి.

చుక్కల భూములు ఇంకో తలనొప్పి. పాత భూముల రిజిస్టరు ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసినవి, నెల్లూరు ప్రకాశం రెండు వైపులా బాగా ఉన్నాయి. వీటి కోసం 2017లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. చుక్క తీయించుకున్న కాగితం ఉంటేనే ముందుకు పోండి. దేవుడి మాన్యం, వాగు పోరంబోకు, డొంక, ఇవి మీరు తాతల నాటి నుంచి దున్నుతున్నా సరే మార్పిడి లెక్కలోకి తేవద్దు. డొంక కలుపుకుని గట్టు వేసినోళ్ళు ముందు ఆ డొంక వదిలేయండి, పది మందికి దారి మూసి మీరు పొలం ఒకచోటుకి తెచ్చుకుంటే ఊళ్ళో ఎవరూ మీతో మార్పిడికి రారు.

ఎవరితో మాట్లాడాలి, ఎట్టా మాట్లాడాలి

మీరు ఉండిపోవాలనుకున్న చోటు ముందు తేల్చుకోండి, సామాన్యంగా బోరు ఉన్న చోటో, దారి ఉన్న చోటో. దాని చుట్టూ ఉన్న చెక్కలు ఎవరివో రాయండి. వాళ్ళకి మీ మిగతా ముక్కల్లో ఏది పక్కన పడుతుందో చూడండి. కొన్నిసార్లు ఇద్దరితో కుదరదు, ముగ్గురు కావాలి, మీది ఆయనకి, ఆయనది ఇంకొకాయనకి, ఆయనది మీకు. ముగ్గురి మార్పిడి కాగితం మీద కొంచెం గజిబిజి అయినా మా దాంట్లో అదే కుదిరింది.

ఇంటికి పోయి అడిగేటప్పుడు ‘చిన్నాయనా, నీ చెక్క నాకియ్యి’ అని మొదలుపెట్టొద్దు. ‘చిన్నాయనా, నీకు ఆ కొండ కింద చేనికి పోను రాను ఇబ్బందిగా ఉందిగా, నాది నీ చేని పక్కనే ఉండాది, ఒక్కసారి ఆలోచించు’ అనండి. వెంటనే సరే అంటే కూడా నమ్మొద్దు, ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకోమని వారం టైమివ్వండి. ఆ పొలంలో వాళ్ళమ్మానాయనల సమాధులున్నా, కులదైవం రాయి ఉన్నా, ముసలాయన చేత్తో నాటిన వేపచెట్టున్నా దాని సంగతి ముందే మాట్లాడాలి. మా దగ్గర ఒక చింతచెట్టు కోసం ఆర్నెల్లు ఆగింది పని, ఆఖరికి చెట్టు కాపు ఆయన బతికున్నంత కాలం ఆయనదే అని కాగితంలో రాస్తే కుదిరింది.

ఆడబిడ్డల సంతకాలు. దీన్ని ఎంత చెప్పినా తక్కువే. ఉమ్మడి ఆస్తిలో 1985 సెప్టెంబరు 5 నుంచే మన రాష్ట్రంలో, అప్పటికి పెళ్ళి కాని ఆడపిల్లలకి కొడుకులతో సమానంగా వాటా ఉంది, 2005లో కేంద్ర చట్టం మారినాక పెళ్ళయిందా లేదా అన్న తేడా కూడా పోయింది. ‘అక్క ఏమీ అడగదులే’ అని వదిలేస్తారు, అక్క అడగదు, అల్లుడు అడుగుతాడు. కావలిలో ఉన్నా హైదరాబాదులో ఉన్నా పిలిపించి సంతకం పెట్టించండి, చీర పెట్టి పంపండి. తండ్రి పోయి మైనరు పేరున ఎక్కిన పొలమైతే కోర్టు అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.

సెంటుకి సెంటు కాదు, అణాలు కట్టండి

మార్పిళ్ళు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఎకరాకి ఎకరా అంటారు, తీరా దున్నాక ‘నాకు గరుసు నేల అంటగట్టాడు’ అని పోట్లాట. పంజాబులో కలిపేటప్పుడు ఊళ్ళో మంచి నేలకి 16 అణాలు కట్టి మిగతా వాటిని దానితో పోల్చి అణాలు తగ్గించుకుంటూ వచ్చారు. మనం పదహారణాల అని ఊరికే అంటామా, ఆ లెక్కే ఇక్కడ పనికొస్తుంది.

మీరిద్దరూ కాక ఊళ్ళో దున్నకం బాగా తెలిసిన ఇంకో ఇద్దరు పెద్దమనుషుల్ని పిలవండి, ఆ పొలాల్లో దేంట్లోనూ వాళ్ళకి ఆశ లేనోళ్ళు అయ్యుండాలి. ఒక్కో చెక్కలో మూడుచోట్ల గడ్డపారతో మూడడుగులు తవ్వించండి. మట్టి ఎంత లోతు ఉంది, గరుసు ఎక్కడ తగిలింది, సుద్ద ఉందా, కళ్ళతో చూడాలి, పైన ఎర్రగా అందంగా ఉండి అడుగున్నర కింద రాయి ఉండే నేలలు మన దగ్గర కోకొల్లలు. తర్వాత నీళ్ళు అందుతాయా, దారి ఉందా, వాలు ఎంత, వాన నీళ్ళు నిలిచి చవుడు పట్టిందా, కరెంటు లైను దగ్గరుందా, కొండ పక్కనైతే అడవి పందుల బెడద. అన్నీ చూసి అణాలు కట్టండి.

మీ వాగు పక్క చెక్క 120 సెంట్లు, దానికి 10 అణాలు కట్టారనుకోండి, 1200. మీ బోరు పక్కన చిన్నాయనది 80 సెంట్లు, 15 అణాలు, అదీ 1200. అంటే మీరు ఎకరా ఇరవై ఇచ్చి 80 సెంట్లు తీసుకున్నా సరిపోయింది, ఎవరికీ నష్టం లేదు. 40 సెంట్లు పోయిందని ఇంట్లో గొడవ చేస్తారు, చేయనీండి, ఈ లెక్క చూపించండి. అప్పటికీ తేడా మిగిలితే డబ్బుతో సరిచేసుకోండి గానీ సెంట్లు అటూ ఇటూ కోసి మళ్ళీ ముక్కలు చేయొద్దు.

ఒక ఏడాది ఉత్తినే దున్ని చూడండి

రిజిస్ట్రేషన్‌కి ముందు ఒక పంట కాలం సాగు మాత్రం మార్చుకోండి. మీ చెక్క ఆయన దున్నుతాడు, ఆయనది మీరు. హక్కులు మారవు. ఊరికే నోటిమాట మీద కాకుండా 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కుల కార్డు, సీసీఆర్‌సీ, 11 నెలలకి ఇద్దరూ తీసుకుంటే పంట నష్టం వస్తే దున్నినోళ్ళకే దక్కే వీలుంటుంది. ఒక వానాకాలం గడిస్తే ఆ నేల బండారం బయటపడుతుంది, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఏ మూల కోసుకుపోతుంది, పక్కోళ్ళ గొర్రెలు ఎటు నుంచి దిగుతాయి. నవంబరు తుఫాను ఒకటి చూడందే మాత్రం ఒప్పుకోవద్దు.

కొలత, రిజిస్ట్రేషన్, పేరు మార్పు

మా నాయనా, మా చిన్నాయనా 1990ల్లో నోటిమాటతో పొలాలు మార్చుకున్నారు. ఇద్దరూ మంచోళ్ళు, ఒకే కంచంలో తిన్నోళ్ళు, కాగితం ఎందుకు అనుకున్నారు. పాతికేళ్ళు బాగానే జరిగింది. చిన్నాయన పోయినాక ఆయన కొడుకులు ఒక ఆఫీసులో వన్‌బీ తీస్తే మేం దున్నే చేను వాళ్ళ పేరున, వాళ్ళు దున్నేది మా పేరున. మాది తుఫాన్లో పోతే పరిహారం వాళ్ళ ఖాతాలో పడింది. మేం అప్పటికే ఆ చేలో చదును చేసి, పూడిక మట్టి తోలి, నిమ్మ పెట్టి ఉన్నాం. రెండేళ్ళు ఆ ఆఫీసు చుట్టూ తిరిగాం, ఒకాయన రమ్మన్న రోజు ఇంకొకాయన సెలవు. తమ్ముళ్ళు మంచోళ్ళు కాబట్టి ఆఖరికి రిజిస్టరు చేసుకున్నాం, వేరేవాళ్ళయితే నిమ్మచెట్లతో సహా పోయుండేది.

కాబట్టి ఇట్టా చేయండి. ఇద్దరూ కలిసి సచివాలయంలోనో మీసేవలోనో సర్వేకి అర్జీ పెట్టండి, హద్దులు చూపించడానికైతే ఎఫ్‌లైన్ అంటారు, నంబరులో కొంత ముక్కే మార్చుకుంటుంటే సబ్‌డివిజన్ కూడా కావాలి. ఏప్రిల్ మే నెలల్లో పెట్టుకోండి, చేలు ఖాళీగా ఉంటాయి, రాళ్ళు కనపడతాయి. కొలిచే రోజు చుట్టుపక్కల హద్దుదారులందర్నీ పిలవండి, రాకపోతే ఫోన్ చేసి పిలవండి, టీ తెప్పించండి, వాళ్ళ ఎదురుగా రాళ్ళు పాతించి ఫోటోలు తీయండి.

రిజిస్టరు చేసేది ఎక్స్‌ఛేంజ్ డీడ్, తెలుగులో మార్పిడి దస్తావేజు అంటారు. 1882 ఆస్తి బదిలీ చట్టం 118వ సెక్షన్ ప్రకారం మార్పిడి కూడా అమ్మకం ఎట్టా చేస్తామో అట్టాగే చేయాలి, తెల్ల కాగితం మీద రాసుకుంటే చెల్లదు. స్టాంపు డ్యూటీ రెండింట్లో ఏది ఎక్కువ విలువో దాని మీద పడుతుంది. అన్నదమ్ముల మధ్య ఇంకా పంచుకోని ఉమ్మడి పొలమైతే మార్పిడి ఎందుకు, నేరుగా భాగ పరిష్కారమే మీకు కావాల్సిన చోట రాసుకోండి, డ్యూటీ బాగా తగ్గుతుంది. దస్తావేజు రాసే రైటరు దగ్గర కూర్చుని రెండు రకాలుగానూ లెక్క వేయించుకోండి. దస్తావేజులో మర్చిపోకుండా రాయించాల్సినవి: దారి ఎటు నుంచి, వాన నీళ్ళు ఎటు పోవాలి, బోరు, మోటారు, చెట్లు ఎవరివి, రేపు ఒకాయన చెక్క మీద ఎవరన్నా కేసు గెలిచి పట్టుకుపోతే ఇంకొకాయన తన పాత చెక్క వెనక్కి ఇవ్వాలా, డబ్బు కట్టాలా.

రిజిస్టరు అయ్యాక వన్‌బీలో పేరు మారిందా లేదా అని మీరే చూసుకోవాలి, దానంతటదే మారుతుందన్నా సరే నెల తర్వాత మీభూమిలో చూడండి. కరెంటు మోటారు సర్వీసు పేరు కూడా మార్పించండి, ఇది చాలామందికి గుర్తుండదు, కరెంటోళ్ళ దగ్గర కొత్త ట్రాన్స్‌ఫార్మరు అడిగినప్పుడు గుర్తొస్తుంది.

ఇప్పుడు జేసీబీ, కానీ అన్ని గట్లూ లేపొద్దు

కలిపిన సంతోషంలో మొదటి రోజే గట్లన్నీ దున్నేస్తారు. ఆగండి. గట్లు రెండు రకాలు. వాలు వెంబడి పైనుంచి కిందికి పోయేవి పంపకాల గట్లు, అవి తీసేయొచ్చు. వాలుకి అడ్డంగా ఉన్నవి నీళ్ళు ఆపే గట్లు, మీ ముత్తాత చేతుల్తో వేసినవి, వాటిని ఇంకా బలం చేయాలి. ఏది ఏదో తెలీకపోతే మేస్త్రీల దగ్గర ఉండే సన్నటి నీళ్ళ గొట్టం తెచ్చి మట్టం చూడండి, అరపూటలో తేలిపోతాది. సర్వే రాళ్ళు మాత్రం జేసీబీ వాడికి ముందే సున్నం కొట్టి చూపించండి, పీకితే మళ్ళీ కొలతకి పెట్టుకోవాల్సిందే, పైగా 1923 సర్వే హద్దుల చట్టం కింద అది తప్పు కూడా.

అడ్డగట్టు ఎంత బలంగా వేసినా ఒక మూల రాళ్ళు పేర్చి ఎక్కువైన నీళ్ళు పోను చిన్న కలుజు వదలండి. మన దగ్గర ఏడాదంతా రాని వాన అక్టోబరు నవంబరుల్లో రెండు రోజుల్లో కొడుతుంది, కలుజు లేని గట్టు ఆ రాత్రే తెగుతుంది, తెగిన చోట నుంచి వంకే పడుతుంది.

చదును చేసేటప్పుడు పైమట్టి అడుగు లోతు గీరి ఒక పక్క కుప్ప పోయించండి, అడుగు నేల చదును చేసినాక ఆ మట్టి మళ్ళీ పరిపించండి. గంటలు ఎక్కువవుతాయని జేసీబీ వాడు వద్దంటాడు, మీరు వినొద్దు. మిట్టలో మట్టి తెచ్చి పల్లంలో పోస్తే పల్లం బాగుపడుతుంది, మిట్టన గరుసు తేలి నాలుగేళ్ళు ఏదీ మొలవదు. మరీ వాలు ఉంటే మొత్తం ఒక మట్టానికి తేవాలనుకోవద్దు, రెండు మూడు మెట్లుగా చేసుకోండి.

చిల్లచెట్లు పైన కొట్టి వదిలితే ఒక్కదానికి పది పిలకలు. మొదలు వేరుతో సహా పెకలించాలి, కాయ పండకముందే. గొర్రెలు మేకలు ఆ కాయలు తిని పెంటికల్లో గింజలు మళ్ళీ మీ చేలోనే వేస్తాయి, కాబట్టి కొట్టిన తర్వాత రెండేళ్ళు వాన పడిన ప్రతిసారీ చిన్న మొక్కలు పీకిస్తుండాలి. కట్టెలు బొగ్గులోళ్ళకి అమ్మితే జేసీబీ ఖర్చులో కొంత వస్తుంది.

మట్టి పరీక్ష చేయించండి, ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతు వీ ఆకారంలో తవ్వి పక్క అంచు గీరి కలిపి అరకిలో తీస్తే చాలు, చెట్టు కింద, గట్టు దగ్గర, పెంట కుప్ప వేసిన చోట తీయొద్దు. పాల చవుడైతే మంచినీళ్ళు నిలిపి కిందికి మురుగు పోయే కాలవ తీస్తే ఉప్పు కడుక్కుపోతుంది, కారు చవుడైతే అట్టా పోదు, జిప్సం వేయాలి, ఎంత అన్నది పరీక్షే చెప్తుంది. రెండింట్లోనూ మొదటి ఏడు జీలుగ చల్లి పూతకి రాగానే కలియదున్నండి. ఎర్రనేలకి జనుము, పిల్లిపెసర. చెరువు పూడిక మట్టి దొరికితే ఎండాకాలంలో తోలించుకోండి, కానీ తోలే ముందు దానికి కూడా పరీక్ష చేయించండి, చవుడు పట్టిన చెరువు మట్టి తెచ్చుకుని మంచి చేను పాడుచేసుకున్నోళ్ళని చూశా.

ఫారం పాండ్, అంటే చేలో వాన నీళ్ళు పట్టే గుంట, దాని గురించి. ఎకరంలో 20 మిల్లీమీటర్ల వాన పడితే 80 వేల లీటర్ల పైన నీళ్ళు. అందులో పావు వంతు పారి బయటికి పోయిందన్నా 20 వేల లీటర్లు. నాలుగెకరాలు ఒకచోట ఉంటే ఒక్క వానకి 80 వేలు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంట తీస్తే నిలువు గోడలైతే రెండు లక్షల లీటర్లు పడతాయి, వాలుగా తీస్తే తగ్గుతుంది. ముక్కలుగా ఉన్నప్పుడు ఈ గుంట తీయడానికి ఎవరికీ మనసు రాదు, ఉన్న 50 సెంట్లలో గుంటకెంత పోగొట్టుకుంటారు చెప్పండి. కలిపినాక అందరికంటే పల్లంలో, అడ్డగట్టు కలుజు దిగే చోట తీయించండి. ఎర్రనేలలో నీళ్ళు ఇంకిపోతాయని బాధపడొద్దు, ఇంకినవి మీ బోరుకే పోతాయి, పంటకి నిలవాలంటే మాత్రం అడుగున బంకమట్టి తొక్కించాలి. సన్న చిన్నకారు రైతులకి, అంటే ఐదెకరాల లోపు వాళ్ళకి, ఇట్టాంటి పనులకి ఉపాధి పనుల కింద అవకాశం ఉంటుందేమో పంచాయతీలో అడిగి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ముందే తవ్వేసి తర్వాత బిల్లు అడిగితే ఇవ్వరు.

బోరు, పంట

బోరు ఆఖర్న. అందరూ ముందు బోరు వేసి అప్పులపాలై తర్వాత పొలం సంగతి ఆలోచిస్తారు. పొలం ఒకచోటుకి వచ్చి, గుంట తీసి ఒక వానాకాలం గడిచాక వేయండి. తాగునీటి బోరుకి 250 మీటర్ల లోపు వేయడానికి నీరు, భూమి, చెట్ల రక్షణకి చేసిన వాల్టా చట్టం ఒప్పుకోదు, అది చూసుకోండి. నీళ్ళు పడినాక ఉప్పెంతో పరీక్ష చేయించకుండా తోట పెట్టొద్దు. పక్కాయనకి ఇదివరకే బోరుంటే ఇద్దరూ కలిసి నీళ్ళు పంచుకుని పైపు లైను వేసుకునేది కూడా ఆలోచించండి, వంతులు రాసుకుంటే చాలు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వస్తాయి అప్పుడు చూద్దాం అంటారు కొందరు, శంకుస్థాపన 1996లో జరిగింది, అప్పుడు పుట్టిన పిల్లకాయలకి పెళ్ళిళ్ళై పిల్లలు కూడా. కాలవ వచ్చినా ముక్క చేలకి పిల్లకాలవ తెచ్చుకోవడం మళ్ళీ పక్కోడి దయే, ఒకచోట ఉంటే ఆ గొడవ సగం తగ్గుతుంది.

మొదటి ఏడు తోట పెట్టొద్దు. చదును చేసిన నేల రెండు వానలకి కుంగుతుంది, గుంటలు పడతాయి, మళ్ళీ సరిచేసుకోవాలి. కంది వేయండి, మధ్య సాళ్ళలో పెసరో సజ్జో. కంది వేరు లోతుకి పోయి నేల గుల్లచేస్తుంది, ఆకు రాలి మట్టికి బలం. రెండో ఏడు నుంచి సగంలో నిమ్మో బత్తాయో మామిడో డ్రిప్పు మీద పెట్టుకోండి, చిన్న రైతుకి డ్రిప్పు సబ్సిడీ 90 శాతం దాకా వస్తుంది, కానీ పాసుబుక్కు మీ పేరున ఉంటేనే, మళ్ళీ అదే మాట. చవుడు వాసన ఉన్న మూలలో నిమ్మ పెట్టొద్దు, ఉసిరి తట్టుకుంటుంది. కలిగిరి, డీసీపల్లి పొగాకు వేలం కేంద్రాల కింద లైసెన్సు ఉన్నోళ్ళు పొగాకు వేస్తారు, అది మీ ఇష్టం, కానీ బాగుచేసిన కొత్త నేలలో వెంటనే వేసి పొగాకు కాల్చే బ్యారన్ కట్టెల అప్పు కూడా నెత్తినేసుకోవద్దని నా సలహా. జామాయిల్ పెడితే చాకిరీ తగ్గుతుంది నిజమే, పట్నంలో ఉండి చేసేవాళ్ళకి బాగానే ఉంటుంది, కానీ గట్టు పక్కన పెట్టారా అవతలాయన పైరు పదడుగుల మేర ఎండుతుంది, అంత కష్టపడి మార్పిడి చేసుకున్న చుట్టంతో పోట్లాట మొదలు. కనీసం పదిహేనడుగులు వదిలి మధ్యలో కందకం తీయండి.

మార్చుకున్న మొదటి పంట విత్తిన వారంలోనే రైతు సేవా కేంద్రానికి పోయి ఈ-క్రాప్ (పంట నమోదు) కొత్త నంబరుతో, మీ పేరుతో ఎక్కించుకోండి. ఆ పిల్లోడు పాత లిస్టు చూసి పాత నంబర్లే ఎక్కిస్తాడు, పక్కన నిలబడి మీ నోటుబుక్కు పేజీ తెరిచి చూపించి, మెసేజ్ మీ ఫోన్‌కి వచ్చినాకే బయటికి రండి.